సిపాయి ముఖం మీది వెలుగు

ఎనిమిదేళ్లుగా నా గొంతులో ఒక మాట అడ్డం పడి ఉంది. అన్నం దిగుతుంది, నీళ్లు దిగుతాయి, ఆ మాట మాత్రం లోపలికి పోదు, బయటికి రాదు. ఈ రోజు దాన్ని తీసేద్దామని కూర్చున్నాను. నాకు రాయడం రాదు. నా పేరు రాస్తాను, బస్సు మీద నంబరు చూసి ఎక్కుతాను, ఇంకో పది పదిహేను అక్షరాలు గుర్తుపడతాను. అంతే. మణికొండలో నేను మధ్యాహ్నాలు వంట చేసే ఇంట్లో ఒక టీచరమ్మ ఉంది. నేను చెప్తుంటే ఆమె రాస్తోంది. నా మాటల్ని పుస్తకాల్లో ఉండేట్టు సర్దుతానంది. మాట సర్దు తల్లీ, తప్పును మాత్రం సర్దకు అన్నాను.

నువ్వెవరో నాకు తెలియదు. అందుకే నీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ఎదుట నా నోరు మూసుకుపోతుంది. ఒకసారి అలా మూసుకుపోయినందుకే ఇదంతా జరిగింది.

కాదు. ఇది కూడా అబద్ధమే. ఆ రోజు నా నోరు మూసుకుపోలేదు. తెరుచుకుంది. తెరుచుకుని, అనకూడని మాట అన్నది.

రాయదుర్గం మెట్రో దిగితే కనపడే అద్దాల టవర్లలో ఒకదానిలో నేను హౌస్‌కీపింగ్ పని చేస్తాను. అప్పుడూ అక్కడే, ఇప్పుడూ అక్కడే. పొద్దున ఐదున్నరకు మేం లోపలికి పోతాం. ఆఫీసు వాళ్లు వచ్చేసరికి నేల ఆరిపోవాలి, మేం కనపడకూడదు. కింద లాబీలో గోడకు ఒక పెద్ద బొమ్మ ఉంది. రెండు మంచాలు పక్కపక్కన నిలబెట్టినంత ఉంటుంది. చాలా పాతది. రాజుల కాలంలో ఏదో కోట మీద జరిగిన యుద్ధం. ఆ ఆఫీసు పెద్దసారుకు పాత బొమ్మలంటే ఇష్టమట, ఎక్కడో కొని తెచ్చి పెట్టించాడు.

మా పనిలో గుడ్డలకు రంగులుంటాయి. ఎర్రది బాత్రూములకు, నీలంది అద్దాలకు, ఆకుపచ్చది టీ, కాఫీలు పెట్టే పాంట్రీకి, పసుపుది బల్లలకు, కుర్చీలకు. ఒకదాని గుడ్డ ఇంకోదానికి వాడితే తిట్లు పడతాయి. ఆ బొమ్మకు ఏ గుడ్డా లేదు. దాన్ని ముట్టుకోవద్దన్నారు. చుట్టూ ఉన్న చట్రాన్ని ఈకల కట్టతో దులపాలి, అది కూడా పొడిగా. ఇది మాకు మొదటి రోజే చెప్పారు. నాకు తెలియదని నేను అనలేను.

మొదట్లో నాకు ఆ బొమ్మలో పొగ తప్ప ఏమీ కనపడలేదు. గోధుమరంగు పొగ, అందులో గుర్రాలు, ఒక ఏనుగు, చానా మంది మనుషులు. ఒక రోజు బొమ్మల గురించి తెలిసిన ఒక పెద్దాయనను పిలిపించి ఆఫీసులో పనిచేసే పడుచు పిల్లలకు చెప్పించారు. నేను లిఫ్టు తలుపులు తుడుస్తూ విన్నాను. ఆయన సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో చెప్పాడు. ముందు మనుషుల్ని చూడకండి, వెలుగు ఎటు నుంచి వస్తోందో చూడండి అన్నాడు. ఆ ఒక్క మాట నాకు పట్టుకుంది.

మరుసటి పొద్దు ఒక్కదాన్నే నిలబడి చూశాను. వెలుగు ఎడమ నుంచి వస్తోంది. అక్కడ కోట గోడ కాలుతోంది. అది పొద్దు కాదు, మంట. అందుకే ఆ ఎరుపు కుంకుమలా లేదు, ఆరిన నెత్తురులా ఉంది. ఎవరి ముఖం చూసినా ఎడమ చెంప మీదే ఎరుపు. గుర్రాల కళ్లలోనూ అదే ఎరుపు చుక్క. ఏనుగు మీద కూర్చున్నవాడి ముఖంలో నాకు కోపం కనపడలేదు, అలసట కనపడింది. జెండా పట్టుకున్నవాడు దాన్ని ఎత్తి పట్టలేదు, దాని మీద ఆనుకుని నిలబడ్డాడు. నాకు అట్లా అనిపించింది. చదువుకున్నవాళ్లు ఏమంటారో నాకు తెలియదు.

కుడి వైపు కింద మూలకు ఇద్దరున్నారు. ఒకడు నీళ్లు మోసేవాడు, వీపు మీద తోలు సంచి. ఇంకొకడు పడిపోయిన సిపాయి. నీళ్లవాడు వంగి, సంచి మూతి వంచి, సిపాయి నోటికి నీళ్లు పోయబోతున్నాడు. సిపాయి తల అతని వైపు తిప్పుకున్నాడు. మంట వీపు వెనక ఉంది కాబట్టి ముఖం మీద వెలుగు లేదు. బూడిదరంగు ముఖం. దగ్గరికి పోయి, కళ్లు చిన్నవి చేసి చూస్తే నోరు తెరిచి ఉందని తెలుస్తుంది. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. కన్ను ఒకటి నీళ్లవాడి చేతి మీద ఉంది. ప్రాణం పోతున్నవాడికి ఇంకేం అక్కర్లేదు, ఆ గుక్కెడు నీళ్లు కావాలి. అంత పెద్ద యుద్ధంలో నాకు ఆ దాహం ఒక్కటే అర్థమైంది.

ఎందుకంటే నా భర్త అట్లాగే పోయాడు. ఆయన సెంట్రింగ్ పని చేసేవాడు. గచ్చిబౌలి వెనకాల కడుతున్న ఒక టవర్ మీద నుంచి పడ్డాడు. అది ఈ పనిలో చేరడానికి ఏడాది ముందు సంగతి. దవాఖాన నుంచి బట్టలో చుట్టి తెచ్చారు. విప్పొద్దన్నారు. ముఖం వరకు తెరిచారు. ముఖం నిండా సిమెంటు దుమ్ము, అది చెమటతో, నెత్తురుతో కలిసి గట్టిపడి ఉంది. మాలో పోయినవాళ్లకు చివరి స్నానం చేయిస్తారు. ఒళ్లంతా కాకపోయినా కనీసం ముఖం కడుగుదామని చెంబులో నీళ్లు తెచ్చుకుని నిలబడ్డాను. పొద్దు గూకుతోంది, ఆలస్యమైతే కాటికాడ ఇబ్బంది అని మగవాళ్లు తొందరపెట్టారు. ఎవరో నన్ను పక్కకు జరిపారు. చెంబు నా చేతిలోనే ఉండిపోయింది. ఆయన ఆ బూడిదరంగు ముఖంతోనే పోయాడు.

ఇదంతా చెప్తున్నది నువ్వు నా మీద జాలి పడాలని కాదు. జాలి పడితే తర్వాతది వినలేవు.

లాబీ నాది కాదు, యాదమ్మది. యాదమ్మ కల్వకుర్తి దగ్గరి మనిషి. నాకంటే పదేళ్లు పెద్దది, నాలాగే భర్త లేడు. నాకు ఈ పని ఇప్పించింది ఆమే. నా డ్యూటీ నాలుగో అంతస్తు. నేను వారానికి రెండు మూడు సార్లు ఆమెను బతిమాలి డ్యూటీ మార్చుకునేదాన్ని. ఆమె నవ్వేది.

"ఆ బొమ్మల మొగనితోని ఏం ముచ్చట పెడ్తవే రోజూ? నాకు జర చెప్పరాదు" అనేది.

అట్లా మార్చుకోవడం మాలో మామూలే. పైకి చెప్పం. గోడ పక్క చిన్న తలుపు వెనకాల ఒక కాగితం వేలాడుతుంది. ఏ చోటు ఎవరు తుడిచారో అందులో గుర్తు పెట్టాలి. లాబీ గడిలో ఎవరు పని చేసినా యాదమ్మ గుర్తే ఉండాలి, లేకపోతే మార్చుకున్నట్టు దొరికిపోతాం. ఆమె గుర్తు ఒకే అక్షరం. య. ఆమెకు రాయడం ఆ ఒక్కటే వచ్చు. అది ఎట్లా తిప్పాలో నాకు ఆమే నేర్పింది.

ఆ పొద్దు నేను లాబీలో ఉన్నాను. అది నా భర్త పోయిన తిథి. ఇంట్లో దీపం పెట్టి వచ్చాను. బొమ్మ ముందు నిలబడ్డాను. ఎవరూ లేరు. బయట సెక్యూరిటీ అతను గేటు దగ్గరున్నాడు. ఆ గోడ వైపు అప్పుడు కెమెరా లేదు, తర్వాత పెట్టారు. సిపాయి ముఖం ఎప్పటికంటే ఎక్కువ బూడిదగా కనపడింది. దుమ్ము పట్టిందేమో అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? బొమ్మకు దుమ్ము పట్టదని కాదు. కానీ నా చేతికి దుమ్ము దులపాలని లేదు. దానికి ముఖం కడగాలని ఉంది.

నీలం గుడ్డ నా దగ్గరుంది. తడిపి పిండాను. చాలా మెల్లగా, పసిపిల్లకు తుడిచినట్టు, నుదురు మీద పెట్టి కిందికి తుడిచాను. గుడ్డకు టీ డికాక్షన్ రంగు అంటింది. నాకు సంతోషమైంది. చూశావా, ఎంత మురికి పట్టిందో అని లోపల అనుకున్నాను. ఇంకా తుడిచాను. నీళ్లతో పూర్తిగా రావడం లేదని అద్దాలకు కొట్టే మందు కొంచెం కొట్టాను. చెంప తేలింది. నుదురు తేలింది. నా భర్తను పేరు పెట్టి పిలిచాను కూడా. ఇది నేను ఇప్పటి వరకు ఎవరికీ చెప్పలేదు. టీచరమ్మ పెన్ను ఆపి నా వైపు చూస్తోంది. రాయి తల్లీ.

తర్వాత చూస్తే పెదవులు లేవు. కన్ను లేదు. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ, రంగు కింద బొమ్మ వేసిన గుడ్డ నేత కనపడుతోంది. నీళ్లవాడు మాత్రం అట్లాగే వంగి ఉన్నాడు. ఎవరి నోట్లో పోస్తాడు?

నీలం గుడ్డను బకెట్లో ఏడెనిమిది సార్లు ఉతికాను. రంగు పోయిందాకా ఉతికాను. తర్వాత చిన్న తలుపు తెరిచి, లాబీ గడిలో య అని రాశాను. మార్చుకున్న రోజుల్లో రాసినట్టే రాశాను. అలవాటుగా రాశానా? తెలిసి రాశానా? ఎనిమిదేళ్లుగా ఇదే అడుగుతున్నాను. ఒక్కటి మాత్రం గుర్తుంది. చెయ్యి వణకలేదు.

పది గంటలకు గోల మొదలైంది. మమ్మల్ని కింద స్టోర్ రూములోకి పిలిచారు. గేటు దగ్గరి సెక్యూరిటీ అతను, ఇంకో నలుగురైదుగురు మగవాళ్లు కూడా ఉన్నారు. మా సూపర్‌వైజర్ గుంటూరు వైపు మనిషి. చెడ్డవాడు కాదు. చేతిలో ఆ కాగితం ఉంది.

"యాదమ్మ గారూ, లాబీలో మీ గుర్తే ఉందండి. నన్నేం చెయ్యమంటారు?"

"గుర్తు నాదే సార్, మనిషిని నేను గాను. ఈ పొద్దు మేం మార్చుకున్నం. నేను నాలుగో అంతస్తుల ఉన్న. గీమెనే అడుగుండ్రి."

ఆయన నా వైపు తిరిగాడు. "ఏమ్మా, మార్చుకున్నారా?"

యాదమ్మ నా వైపు చూసింది. భయంగా కాదు. ధీమాగా చూసింది. ఇగ అయిపోయింది, ఇది చెప్పేస్తుంది, ఇద్దరం తిట్లు తిని బయటపడతాం అన్నట్టు.

"లేదు సార్" అన్నాను. "నేను పైననే ఉన్న. కిందికి రాలే."

"ఏందే? జర నా ముఖం చూసి చెప్పు."

ఆమె ముఖం చూశాను. చూసే చెప్పాను.

"నువ్వే కదక్కా లాబీకి పోయినవ్."

యాదమ్మ తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఏప్రాన్ విప్పి, మడత పెట్టి, బల్ల మీద పెట్టింది. గుర్తింపు కార్డు దాని మీద పెట్టింది. నన్ను దాటుకుని పోతుంటే ఆమె భుజం నా భుజానికి తగలకుండా ఒళ్లు పక్కకు తిప్పుకుంది. అదొక్కటే ఆమె నాతో అన్న మాట.

ఎందుకన్నాను అట్లా? అప్పుడు నా బిడ్డ పదో తరగతి చదువుతోంది, పని పోతే ఎట్లా అనుకున్నాను అని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజమే, కానీ సగమే. ఇంకో సగం ఇది. నిజం చెప్తే ఎందుకు తుడిచావని అడుగుతారు. ఎందుకు తుడిచానో చెప్పాలి. మొగుడి ముఖం అనుకుని బొమ్మ ముఖం కడిగాను అని అంతమంది మగవాళ్ల ముందు, ఆ సూపర్‌వైజర్ ముందు, గేటు దగ్గరి సెక్యూరిటీ ముందు చెప్పాలి. వాళ్లు నవ్వుతారు. ఆ నవ్వుకు భయపడ్డాను. ఒక మనిషి బతుకు పోతుంటే నేను నవ్వుకు భయపడ్డాను.

ఇంకొకటి ఉంది. ఇది చెప్పకపోతే చెప్పినట్టు కాదు. మేమిద్దరం ఒకరి కోసం ఒకరం డబ్బా తెచ్చుకునేవాళ్లం, వంతులేసుకుని. ఆ రోజు వంతు యాదమ్మది. ఆమె డబ్బా బెంచీ మీదే మరిచిపోయింది. అందులో నాలుగు జొన్న రొట్టెలు, పల్లీల కారం. రెండు ఆమెకు, రెండు నాకు. మధ్యాహ్నం నాకు ఆకలేసింది. తిన్నాను. నా రెండూ తిన్నాను. తర్వాత ఆమె రెండు కూడా తిన్నాను. రుచిగానే ఉన్నాయి. నోటికి చేదు తగలాలి కదా? తగలలేదు. ఆ డబ్బా ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, పై అరలో, బోర్లించి.

యాదమ్మను ఒక్క ఆ టవర్ నుంచే తీసేయలేదు. ఈ చుట్టుపక్కల టవర్లన్నిటికీ మనుషుల్ని పంపేది ముగ్గురు నలుగురు కాంట్రాక్టర్లే. మాట పాకింది. బొమ్మ చెడగొట్టింది, పైగా పక్కదాని మీదికి నెట్టబోయింది అని. శేరిలింగంపల్లిలో ఆమె కిరాయికి ఉన్న గది ఖాళీ చేసి ఊరికి, తమ్ముడి ఇంటికి పోయింది. నేను సాగనంపడానికి పోలేదు. ఎట్లా పోతాను?

భూతద్దం పెట్టుకుని ఒకాయన వచ్చి బొమ్మ చూశాడు. పోయిన రంగు రాదు, ఇంకా ముట్టుకుంటే ఇంకా పాడవుతుంది, వదిలేయండి అన్నాడట. వదిలేశారు. మూడేళ్లకు ఆ ఆఫీసు ఖాళీ చేసి పోయింది, బొమ్మను గోడ మీదే ఉంచి పోయింది. కొత్త కంపెనీ వచ్చింది. సూపర్‌వైజర్ మారాడు. ఇప్పుడు ఆ టవర్‌లో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ బొమ్మ పాతది, నేనూ పాతదాన్ని.

పోయిన నెల కొత్త కంపెనీ వాళ్లు ఒక మేడమ్‌ను పిలిపించారు. ఆమె కూడా ఆఫీసు పిల్లలకు బొమ్మ గురించి చెప్పింది. చక్కగా చెప్పింది. పొగ గురించి, ఎరుపు గురించి, గుర్రాల కళ్ల గురించి. చివరికి కుడి మూలకు వచ్చింది. నేను మాప్ పట్టుకుని లిఫ్టు పక్కన ఆగిపోయాను.

చూడండి, ఇంత చీకటిలో ఈ ఒక్క ముఖమే వెలుగుతోంది అంది. మిగతా అందరి ముఖాల్లో కోపం, భయం, అలసట గీసిన చిత్రకారుడు ఈ సిపాయికి మాత్రం కళ్లు, నోరు గీయలేదు, వట్టి వెలుగు ఇచ్చాడు అంది. యుద్ధం ఇతనికి అయిపోయింది, ఇది చావులోని శాంతి అంది. పిల్లలంతా దగ్గరికి జరిగి చూశారు. ఒక అమ్మాయి కళ్లు తుడుచుకుంది.

మంట ఎడమ పక్కనుంటే ఆ ముఖానికి వెలుగు ఎటు నుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు. నీళ్లవాడు ఎందుకు వంగాడని కూడా అడగలేదు. శాంతిగా ఉన్నవాడికి నీళ్లెందుకు? అక్కడ దాహం ఉండేది. ఒక మనిషి నోరు తెరిచి నీళ్లు అడుగుతూ ఉండేవాడు. ఆ నోటిని నేను తుడిచేశాను. తుడిచేసిన చోటును చూసి ఇప్పుడు జనం దండం పెడుతున్నారు.

చెప్పాలనుకున్నాను. అడుగు ముందుకు వేశాను కూడా. మేడమ్ నా వైపు చూసి, తడి నేల మీద తన కాలు పడిందేమోనని, సారీ అమ్మా అని పక్కకు జరిగింది. నేను తల ఊపి తుడుచుకుంటూ పోయాను.

అదే వారంలో మా దగ్గర కొత్తగా చేరిన ఒకామెది యాదమ్మ ఊరే అని తెలిసింది. మాటల్లో అడిగాను, ఎవరో ఎరిగినవాళ్లు అన్నట్టు. ఆమె నవ్వుతూ చెప్పింది. ఊళ్లో ఆమెను బొమ్మల యాదమ్మ అంటారట. తమ్ముడి ఇంట్లో కొత్త వస్తువేది వచ్చినా మరదలు ముందే అంటుందట, ఆమెను ముట్టనియ్యకుండ్రి, రంగు పోతదని. పెళ్లిళ్లలో కూడా ఇదే పరాచికమట. యాదమ్మ ఏమంటదని అడిగాను. ఏమనదట. మొదట్లో నేను కాదు అనేదట. ఎవరూ నమ్మకపోతే మానేసిందట.

నేను ఆ నవ్వుకే కదా భయపడింది. నా మీద పడాల్సిన నవ్వు ఎనిమిదేళ్లుగా ఆమె మీద పడుతోంది.

ఆమె తమ్ముడి ఫోన్ నంబరు సంపాదించాను. చేశాను. యాదమ్మే ఎత్తింది. "ఎవ్వలు?" అంది. గొంతు అదే. నేను ఫోను పెట్టేశాను. అందుకే ఈ కాగితం.

టీచరమ్మ రెండు ప్రతులు రాస్తోంది. ఒకటి నీకోసం, అచ్చులోకి పోయేది. అందులో నా పేరుండదు. బిడ్డ అత్తగారింట్లో ఉంది, దాని ముఖం చూసి అంత ధైర్యం చేయలేకపోతున్నాను. ఇదీ నా పిరికితనమే, ఇది కూడా రాయమన్నాను. రెండోది కల్వకుర్తి పక్కకు పోతుంది. ఆ ఇంట్లో చదవగలిగింది తమ్ముడొక్కడే. లోపల కూర్చుని చదవొద్దు, వాకిట్లో నిలబడి, మీ భార్య వినేట్టు, పక్కింటివాళ్లు వినేట్టు గట్టిగా చదవండి అని పైననే రాయించాను. డబ్బా కూడా కడిగి పంపుతున్నాను. ఖాళీగానే పంపుతున్నాను. అందులో ఏం పెట్టి పంపాలో నాకు తెలియలేదు.

యాదమ్మ విని ఏం చేస్తుందో తెలియదు. కాగితం చించి పొయ్యిలో వేయొచ్చు. ఇక్కడికి వచ్చి అందరి ముందు నన్ను నిలదీయొచ్చు. అసలు ఏమీ అనకపోవచ్చు. ఏది చేసినా ఆమెకు ఎనిమిదేళ్లు తిరిగి రావు. క్షమించమని రాయాలా అని టీచరమ్మ అడిగింది. వద్దన్నాను. అది అడిగితే మళ్లీ ఆమెనే ఏదో ఇవ్వమని అడిగినట్టు అవుతుంది. ఆమె రొట్టెలు తిన్నాను, చాలు.

ఆ సిపాయి ముఖం తుడిచింది నేను. యాదమ్మ కాదు. ఆమె ఆ పొద్దు నాలుగో అంతస్తులో నా పని చేస్తోంది.

చెప్పేశాను. గొంతులో ఉన్నది పోయిందా? పోలేదు. కానీ కదిలింది.

ఆ రోజు కాగితం మీద నా చేత్తో ఆమె అక్షరం రాశాను. ఈ రోజు ఆమెకు పోయే కాగితం కింద నా పేరు నేనే రాస్తానని టీచరమ్మ చేతిలోని పెన్ను తీసుకున్నాను. మూడు అక్షరాలే. రాయడానికి ఇంతసేపు పట్టింది. ఈసారి చెయ్యి వణికింది.